పేరు లేని చీటీ గురించి నా కడపటి మాట

ముందుగా క్షమాపణ. బోధన్ పట్టణ ప్రజలకు, మా సంఘపు విశ్వాసులకు, ముఖ్యంగా ఈ ఆరేళ్లలో ఎక్కడ ఏ తప్పు జరిగినా మొదట నా మొహం వైపు చూసిన పెద్దలందరికీ మోకరించి విన్నవించుకుంటున్నాను. క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల తోక ఊడినందుకు, పాస్టరయ్య స్కూటరులో గాలి పోయినందుకు, ఈస్టర్ తెల్లవారుజామున మైకు కుయ్యోమన్నందుకు, మొన్నటి వానలకు కూడా నన్ను మన్నించండి. వీటిలో ఒక్కటీ నేను చేయలేదు. అయినా అడిగేవాళ్లకు తృప్తిగా ఉంటుందని చెబుతున్నాను.

బోధన్ రాకాసిపేట నివాసి, రాజారాం కొడుకు, రెండో ప్రయత్నంలో బీకాం గట్టెక్కినవాడు, సౌండ్ సిస్టం వృత్తిగా బతికేవాడు అయిన ప్రేమ్ అనే నేను, ఇరవై నాలుగేళ్ల వయసులో, మతి సరిగ్గా ఉండి, ఎవరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. మతి సంగతి డాక్టరును అడగవచ్చు. ఆయన చూసింది నా హెర్నియానే గాని, తలకాయ మీద ఫిర్యాదేమీ చేయలేదు. రేపు గురువారం నిజామాబాదులో ఆపరేషన్. చాలా చిన్నదని ముగ్గురు చెప్పారు. ముగ్గురూ ఒకే మాట చెప్పడం నాకు అనుమానంగా ఉంది.

నేను పోయాక గాని, మత్తు దిగాక గాని, ఏది ముందైతే అది, ఈ ఆదివారం సంఘం కమిటీ ముందు మా చెల్లె సవిత దీన్ని చదవాలి. అమలు బాధ్యత ఆమెదే. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, హన్మవ్వను స్త్రీల కూడిక నాయకురాలిగా ఉంచాలా, తీసేయాలా అన్నది ఆ రోజే తేలుస్తారు. నేను ఉన్నా లేకపోయినా ఆ మాట ఇది చదివాకే తేలాలి.

1. నా బైకు మిత్రుడు భూమేష్‌కు. ఆపరేషన్ మాట చెవిన పడగానే వాడు అడిగిన మొదటి ప్రశ్న: "అన్నా, ఒగాల ఏమన్న అయితే బండి తాళం యాడుంటది?" కాబట్టి వాడికి తాళం ఇస్తున్నాను. బండి ఎక్కడ పెట్టానో వాడే వెతుక్కోవాలి.

2. రెండు స్పీకర్లు, మిక్సర్, నాలుగు మైకులు సంఘానికి. వీటిని మోసి మోసే నాకు హెర్నియా వచ్చింది కనుక మా మధ్య ఇప్పటికే రక్తసంబంధం ఉంది. షరతు ఒకటే. శ్రీధర్ సార్ చేయి వాటి మీద పడకూడదు.

3. సంఘం కార్యదర్శి శ్రీధర్ సార్‌కు నా భూతద్దం. సార్ ముప్పై ఏళ్లు చెరుకు తూకం దగ్గర గుమాస్తా. గడల మధ్య మట్టి దాచారా, నీళ్లు చల్లారా అని ప్రతి బండినీ అనుమానించిన కన్ను ఆయనది. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ కన్ను మా మీద పడింది.

సంగతి తెలియనివారికి చెబుతాను. మా స్త్రీల కూడికలో మనవుల పెట్టె ఉంటుంది. ఎవరి బాధ వాళ్లు చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా అందులో వేస్తారు. తలా ఒక చీటీ తీసుకుని, ఆమె ఎవరో తెలియకుండానే వారమంతా ఆమె కోసం ప్రార్థిస్తారు. పోయిన వానాకాలం ఒక చీటీ వచ్చింది:

"ఇరవై ఆరేండ్లాయె గీ ఇంట్లకొచ్చి. అందరు తిన్నంక గిన్నెల ఏముంటే గది తింట. తిన్నవా అని ఒక్కలు అడుగలే. నేను మనుషుల లెక్కల ఉన్ననా లేనా, దేవుణ్ణి అడుగుండ్రి."

అది బీడీలు చుట్టే సత్తవ్వ చేతికి వచ్చింది. సవిత చదివి వినిపిస్తే సత్తవ్వ మూడు రోజులు ఉపవాసం ఉంది. వారం తిరిగినా చీటీ తిరిగి ఇవ్వలేదు. "గీమె ఎవలో దొరికెదాంక నేనియ్య," అని బైబిల్లో దాచుకుంది.

ఇక మొదలైంది అనుమానం. ఎవరో తెలియదు కాబట్టి ఎవరైనా కావచ్చు. నల్లా దగ్గర, బస్టాండులో, బీడీ కార్ఖానాలో ఒకరినొకరు నిలదీసుకున్నారు.

"ఏమక్కా, తిన్నవా?"

"తిన్న."

"నిజంగ తిన్నవా? ఏం కూర?"

ఠాణాలో కూడా ఇంత గట్టిగా అడగరు. నెల తిరిగేసరికి మా వాడ ఆడవాళ్లంతా ఇంట్లో అందరితోపాటే కూర్చుని తింటున్నారు. తినకపోతే అనుమానితుల్లో చేరిపోతారాయె.

4. సత్తవ్వకు నా చేతి గడియారం, ఉపవాసం ఎప్పుడు విడవాలో చూసుకోవడానికి. ఆమె చూసుకోదని నాకు తెలుసు. పక్కవాళ్లు చూసి చెప్పాలి.

5. మా బాపు రాజారాంకు నా స్టీలు కంచం. ఎందుకో చెప్పాలంటే అవ్వ సాక్ష్యం సంగతి చెప్పాలి. అవ్వ మందిరంలో చెప్పుల పక్కన కూర్చునే మనిషి. తలనొప్పి గోలీ మింగని రోజు లేదు. దసరా దాటాక ఒక ఆదివారం లేచి, నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"గా చీటీ నాది. దేవుడు నాతోని మాట్లాడిండని చెప్ప, గంత పెద్ద ముచ్చట నాకు తెల్వది. గని నేనెవలో తెల్వకనే సత్తవ్వ నాకోసం మూడొద్దులు ఉపాసమున్నది. తెల్వనామెకే నేను గంత విలువైతే, నన్ను పుట్టిచ్చినోనికి ఎంత? నేను తక్కువ మనిషిని కాదు."

ఇంటికొచ్చాక బాపు మండిపడ్డాడు. "మంది ముంగట నా ఇజ్జత్ తీసినవ్!" అవ్వ కంచంలో అన్నం పెట్టుకుని ఆయన పక్కనే కూర్చుంది. "నీ ఇజ్జత్ నేను ముట్టలే. గా ఉప్పు ఇటియ్యి." బాపు ఇచ్చాడు. ఆమె చేతికి ఆయన ఏదైనా అందించడం నేను చూసింది అదే మొదలు. నా కంచం కూడా ఆయనకిస్తే ఇంకొకరికి పెట్టడం అలవాటవుతుందని ఆశ.

ఆ రోజు నుంచి అవ్వ గోలీల జోలికి పోలేదు. ముందు వరుసలో కూర్చుంటుంది. ఆడవాళ్లే ఆమెను నాయకురాలిని చేసుకున్నారు. అప్పుడు శ్రీధర్ సార్ కన్ను తెరుచుకుంది. "హన్మవ్వకు సంతకం తప్ప రాయరాదు. చీటీల అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయ్. ఎవరిదో దుఃఖం ఎత్తుకచ్చి నాదన్నది. దేవుని మందిరంల అబద్ధం!" ఆడవాళ్లందరి చేత తలా ఒక వాక్యం రాయించి, రెండు కళ్లజోళ్లు పెట్టుకుని పోల్చిచూశారు. ఎవరి రాతా కలవలేదు.

6. మా అవ్వకు నా గది, మంచం, ఫ్యాను, వీధి వైపు కిటికీ. వంటింటి మూలన ఆమె చాప ఇందుమూలంగా రద్దు. ఆమె మీద నాకూ ఒక అనుమానం ఉంది. మైకు తీసుకునేటప్పుడు నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు ఎంత తెలుసో ఇంతవరకు అడిగే ధైర్యం రాలేదు.

7. నా మీద మోపినవి నేను చేయలేదు. ఎవరూ మోపనిది ఒకటి చేశాను. ఆ చీటీ రాసింది నేను. ప్రార్థించే ఆడవాళ్లు ఏం చేస్తారో చూసి నవ్వుదామని, అక్షరాలు గుండ్రంగా తిప్పి, లోకంలో లేని ఆడమనిషిని కల్పిస్తున్నాననుకుని రాశాను. అవ్వ మైకులో మాట్లాడాక తెలిసింది, అందులో ఒక్క మాటా నేను కల్పించలేదని. కమిటీవారూ, ఆమె ఎవరి దుఃఖమూ ఎత్తుకురాలేదు. ఆమె దుఃఖాన్ని నేను ఎత్తుకుపోయి పెట్టెలో వేశాను. తీసేయాలనుకుంటే సంఘం పుస్తకంలోంచి నా పేరు తీసేయండి. ఆ ఇరవై ఆరేళ్లలో ఇరవై నాలుగేళ్లు నేనూ ఆమె చేతి అన్నమే తిన్నాను. చీటీ రాస్తున్న పూట కూడా ఆమె వచ్చి, నా కంచంలో ఇంకో గరిటె కూర వేసి వెళ్లింది. తిన్నావా అని నేను అడగలేదు.

బోధన్, 2025 నవంబరు 19, బుధవారం.

సంతకం: ప్రేమ్, రాజారాం, హన్మవ్వల కొడుకు

సాక్షులు, వీరికి ఇందులో ఏమీ రాదు, అందుకు ఇద్దరూ అలిగారు:
తుకారాం, చాయ్ హోటల్
ముత్తన్న, ఆటో డ్రైవర్