సెబినా గారికి సెస్వా భోజనం

గాబొరోన్

మొలెఫి మావయ్యకు బొయికన్యో నమస్కారాలు.

సెరోవేలో వాన పడిందని, పశువులు కులాసా అని తలుస్తాను.

నేను అద్దెకుంటున్న గది యజమాని సెబినా గారు ఈస్టర్ తర్వాతి ఆదివారం భోజనానికి వస్తున్నారు. ఆయన మేనల్లుడికి పెళ్ళి కుదిరింది. కొత్త కాపురానికి నా గది కావాలట, శీతాకాలంలోపు ఖాళీ చెయ్యమన్నారు. కాదంటే అద్దె పెంచుతారట. పాపం, భార్య పోయాక ఆయన టీ, రొట్టెలతోనే బతుకుతున్నారు. కడుపునిండా సెస్వా మాంసం, జొన్న సంకటి పెడితే మనసు మెత్తబడుతుందేమోనని నా ఆశ. సెస్వా మగవాళ్ళే వండాలని మీరు నన్నెప్పుడూ కుండ దగ్గరికి రానివ్వలేదు. ఎలా వండాలో రాయండి.

మీ మేనకోడలు,
బొయికన్యో

తా.క. అందులో ఉల్లిపాయ వెయ్యొచ్చా?

*

సెరోవే

చిరంజీవి బొయికన్యోను మావయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం మీ డికెలెడి పిన్ని వాకిట్లో చదివింది. "మేనల్లుడికి పెళ్ళి కుదిరింది" అనగానే ఆడవాళ్ళంతా సంతోషంతో కేకలందుకున్నారు. చదివే పిన్ని కూడా, తనకింకా పెళ్ళి కాకపోయినా, ఉత్తరం కింద పడేసి అందుకుంది. ఆ పేజీ మేక తినేసింది. వంట సంగతి, ఉల్లిపాయ ఉన్న ముక్క మాత్రం వదిలేసింది.

నాకు తెలియాల్సింది తెలిసింది. సొంత ఇల్లున్నవాళ్ళు. మేనమామే స్వయంగా మాట్లాడడానికి వస్తున్నాడంటే పద్ధతి గల కుటుంబం.

సెస్వాకి మాంసం, నీళ్ళు, ఉప్పు చాలు. మూడుకాళ్ళ ఇనప కుండలో కట్టెల మంట మీద ఎముక తనంతట తాను ఊడొచ్చేదాకా ఉడకాలి. తర్వాత కర్రతో పీచుపీచు అయ్యేదాకా దంచాలి.

నీ మావయ్య,
మొలెఫి

తా.క. ఉల్లిపాయ వేస్తే నన్ను మావయ్య అని పిలవకు. ఆవుల మాట వాళ్ళెత్తేదాకా నువ్వెత్తకు.

*

గాబొరోన్

మావయ్యా,

పెళ్ళి నాది కాదు. ఆ మేనల్లుణ్ణి నేను చూడనైనా లేదు. సెబినా గారు వచ్చేది గది గురించి. ఆయన పెంచుతానంటున్నారు, నేను తగ్గించమంటున్నాను. అంతే. దయచేసి ఎవరికీ చెప్పకండి.

బొయికన్యో

తా.క. ఆవులేమిటి?

*

సెరోవే

అమ్మాయీ,

పెళ్ళి నాది కాదని మీ అమ్మ కూడా అంది. పెళ్ళిబట్టలు కుట్టించాక కూడా అంది. అబ్బాయిని చూడకపోవడమే మంచిది, చూసినవాళ్ళే పేచీలు పెడతారు. గది గురించి వస్తున్నాడంటే కాపురం ఎక్కడో కూడా ఆలోచించాడన్నమాట.

కానీ కన్యాశుల్కంగా ఇచ్చే ఆవుల్ని వాళ్ళు పెంచుతామంటే నువ్వు తగ్గించమనడమేమిటే? ఈ మాట బయటికి పొక్కితే ఊరి సభలో నేను తలెత్తుకోగలనా? ఇక నువ్వు నోరు మెదపకు. కుండ, కట్టెలు, సంకటి తిప్పడానికి మీ పిన్ని, అన్నీ తీసుకుని శనివారం బస్సుకి వస్తున్నాను.

మొలెఫి

తా.క. నేనెవరికీ చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళే వచ్చి అడిగి తెలుసుకున్నారు.

*

గాబొరోన్

మావయ్యకు నమస్కారాలు.

ఆదివారం సాయంత్రం బస్సుకి మీరు చాలా సంతోషంగా వెళ్ళిపోయారు కాబట్టి, మీకు తెలియని సంగతులు రాస్తున్నాను.

మీరు వాకిట్లో మాంసం దంచుతుంటే, గోడ కూలుతోందనుకుని సెబినా గారు వేళకంటే ముందే పరుగెత్తుకొచ్చారు. కుండ చూసి కుర్చీ లాక్కున్నారు. ఆయన మళ్ళీ మళ్ళీ సంకటి వడ్డించుకున్నాక మీరు వంటింటి వైపు చెయ్యి చూపించి, "మా ఇంటి ఆడపిల్ల మీకు నచ్చినట్టేనా?" అన్నారు. వంటింట్లో ఇద్దరం ఉన్నాం.

"నచ్చకపోవడమేమిటండీ! మా ఆవిడ పోయాక ఇలాంటి సంకటి తినలేదు. ఇది తిప్పినావిడకి ఇష్టమైతే..." అన్నారాయన. మీరు అప్పటికే ఆవుల బేరంలోకి వెళ్ళిపోయారు. ఆయన పెంచారు. మీరు కళ్ళు తుడుచుకున్నారు.

నేను లోపల, "పిన్నీ, ఆ పెద్దాయన నిన్నే అడుగుతున్నాడే!" అన్నాను.

"వినపడింది లేవే. ఆ గిన్నె ఇలా ఇయ్యి, సంకటి చల్లారిపోతోంది" అంది.

సోమవారం ఆయన గులాబీరంగు టై కట్టుకుని వచ్చారు. పిన్ని ఇక్కడ ఆగిపోయింది అందుకే, మీతో చెప్పినట్టు డాక్టరుకి పన్ను చూపించుకోవడానికి కాదు. మేనల్లుడికి వేరే ఇల్లు చూశారు. కాబోయే బాబాయి అద్దె పెంచితే బాగుండదని ఆయనే అన్నారు.

మీ మేనకోడలు,
బొయికన్యో

తా.క. పిన్నికి నా గది చూపించాను. జొన్నబస్తాలకి సరిగ్గా సరిపోతుందట. శీతాకాలంలోపు ఖాళీ చెయ్యమంది. వచ్చే ఆదివారం ఆవిణ్ణి భోజనానికి పిలుస్తున్నాను. మీరు రాకండి.