తోలు చినుగదు, శీనూ

శీనూ,

నువ్వడిగిన ప్రశ్నకు ఈరోజు జవాబు కళ్లారా చూశాను. కల్వకుర్తి దవాఖానలో డాక్టరమ్మ నీ జబ్బు గురించి చెబుతూ, ఆక్సిజన్ తగ్గితే నీ ఎర్ర రక్తకణాల లోపల సన్నటి పోగులు పెరుగుతాయన్నది. అంత నొప్పిలోనూ నువ్వు నా చెయ్యి లాగి, "అక్కా, లోపల ముండ్ల లెక్క పెరిగితే పైన తోలు చినుగదా?" అన్నావు.

ఇప్పుడు నేను చదువుకునే ల్యాబులో, నీలాంటి జబ్బే ఉన్న ఒకరి రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూశాను. చినుగదు. పోగు కొస తగిలిన చోట కణం పొర సాగుతుంది. బాపు గొంగడిలో వేసుకొచ్చే గొర్రెపిల్ల కాలు చాపితే గొంగడి పొడుచుకొచ్చేది చూడు, అచ్చం అట్లనే. పొర మరీ బిగువుగా ఉంటే పోగే వంగిపోతుంది.

ఆక్సిజన్ పంపగానే పోగులన్నీ కరిగిపోయాయి. కొడవళ్లలా వంగిన కణాలు మళ్లీ గుండ్రంగా అయ్యాయి, ఒక్కటి తప్ప. దాని లోపల పోగులేమీ లేవు, అయినా వంగే ఉంది. మేడమ్‌ను అడిగితే, మాటిమాటికీ సాగిన పొర చివరికి ఆ ఆకారంలోనే ఉండిపోతుందన్నారు. నువ్వుంటే వెంటనే ఇంకో ప్రశ్న వేసేవాడివి.

నువ్వు పోయినా నీ నులక మంచం నడుమ గుంట అట్లనే ఉంది. నులక బిగిద్దామని అమ్మ అన్నప్పుడల్లా బాపుది ఒకటే మాట.

"ఉండనియ్యే. గది శీనుగాడు పండే జాగా."