తొమ్మిది ఎర్ర దారాలు

జనవరి 14, 2000. సాయంత్రం 6

బెడోక్ ఫ్లాట్ కారిడార్‌లో మా ఓనర్ భ్రమరాంబ ఆంటీ గోంగూర కుండీలు రెండున్నాయి. తెల్ల గోంగూర గుబురుగా పెరుగుతుంది, పులుపు లేదు. ఎర్రది పుల్లన, కానీ నాలుగాకులు వేయగానే పూతకొస్తుంది. రెండింటినీ క్రాస్ చేయాలని బుద్ధి పుట్టింది.

తెల్లదాంట్లో రేపు విచ్చే మొగ్గ ఒకటి విప్పి, ట్వీజర్స్‌తో పుప్పొడి తిత్తులన్నీ తీసేశాను. ఉంచితే దాని పుప్పొడి దానికే అంటుకుంటుంది. పైన కాగితం టోపీ పెట్టాను. ఎమ్మెస్సీ జెనెటిక్స్ చదివి, అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, 2000 రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న వైటూకే భయం పేరు చెప్పి దేశం దాటి ఈ రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో పడ్డాక మొగ్గ ముట్టుకోవడం ఇదే మొదలు.

జనవరి 15. ఉదయం 7:30

ఎర్రదాని పువ్వు కోసి, పుప్పొడి తెల్లదాని కీలాగ్రానికి రాశాను. టోపీ మళ్లీ పెట్టాను. గుర్తుకి ఆంటీ పూజ డబ్బాలోంచి ఎర్ర దారం తీసి కట్టాను.

ఎర్ర కాడ, పచ్చ కాడ కలిస్తే ఎరుపుదే పైచేయి. ఈ గింజల మొలకలు ఎర్ర కాడతో వస్తే క్రాస్ పడినట్టు. పచ్చగా వస్తే నా చేతకానితనం.

రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ పీహెచ్‌డీ ఫారం సూట్‌కేసు అడుగున ఉంది. ఎర్రగా వస్తే నింపుతాను. లేకపోతే ఇంకో ప్రాజెక్టుకి రెజ్యూమే పంపుతాను. ఇంత పెద్ద నిర్ణయం గోంగూరకి అప్పగించడం తెలివితక్కువే. అయినా అప్పగించాను.

జనవరి 22

కాయ నిలిచింది. టోపీ తీసేశాను.

ఫిబ్రవరి 9

మేనేజర్ రంగనాథ్ పిలిచాడు. లీపు రోజు ఫిబ్రవరి 29ని కూడా సిస్టమ్స్ సరిగ్గా దాటేస్తే మా టీమ్‌తో పని లేదట. అప్పుడు మార్చి 7న నా తిరుగు ఫ్లైట్. ప్రపంచం మునగనందుకు దిగులు పడేది మేమేనేమో.

ఫిబ్రవరి 26

కాయ ఎండింది. కోద్దామని వెళ్తే మొక్కకున్న తొమ్మిది కాయలకీ ఎర్ర దారాలే. నేను క్రాస్ చేసింది ఏదో తెలీలేదు.

నా కాంట్రాక్టు పొడిగించాలని మొక్కుకుని కట్టాననుకున్నారట ఆంటీ. ఒక్కటి కడితే ఏం సరిపోద్దే పిచ్చిదానా అని మిగతా ఎనిమిదికీ తనే కట్టారట. రోజూ దీపం పెట్టేటప్పుడు నా పేరు కూడా చెబుతున్నారట.

గదిలోకెళ్లి తలుపేసుకున్నాను. కోపం కాసేపే ఉంది, తర్వాత ఏడుపొచ్చింది. ఈ ఊళ్లో నేనుండాలని కోరుకున్న మనిషి ఆవిడొక్కరే.

బయటికొచ్చి అసలు సంగతి చెప్పాను. ఆవిడ లోపలికెళ్లి తొమ్మిది పేపర్ కప్పులు తెచ్చి, కాయకో కప్పు చొప్పున అన్నీ వేసేద్దాం, మొలిచాక తెలీకపోద్దా అన్నారు. ముందు తట్టాల్సింది నాకు.

ఫిబ్రవరి 29

సిస్టమ్స్ దాటేశాయి. ఆఫీసులో కేక్ కోశారు.

మార్చి 3

ఆరు కప్పులు మొలిచాయి. అన్నీ పచ్చగానే.

మార్చి 5

ఎనిమిది. పచ్చగానే. ఆంటీ నా మొహం చూడటం మానేశారు. బహుశా నా టోపీ సరిగ్గా కూర్చోలేదు, లేదా తిత్తి ఒకటి మిగిలిపోయింది. రెజ్యూమే ప్రింట్ తీసి పెట్టుకున్నాను.

మార్చి 7. ఉదయం

తొమ్మిదో కప్పు. ఐదు మొలకలు. ఐదూ ఎర్రగా.

అదే రోజు, చాంగి ఎయిర్‌పోర్ట్

ఫారం నింపాను. బయల్దేరేటప్పుడు చూశాను. ఆంటీ ఆ కప్పుకి ఎర్ర దారం కట్టారు. ఈసారి ఒక్కదానికే.