మసి కోసం ప్రార్థన

మార్తా, నువ్వు పనిచేసే ఆ అరబ్బు ఇంట్లో నిన్ను కాపాడుతున్న ప్రభువుకు స్తోత్రం.

“మీ లారీ మా గేటు ముందునుంచే పోయింది, ఆగలేదేంటండీ?” అని ఫోన్లో ఏడ్చావు. ఎందుకు ఆగలేదో ఇప్పుడు రాస్తున్నాను.

దారిలో ఊరికే బండి ఆపితే జీపీఎస్‌లో కంపెనీకి తెలిసిపోతుంది. పొగ ఫిల్టర్‌లో మసి నిండి డాష్‌బోర్డు మీద లైటు వెలిగితే మాత్రం, ఇంజిన్ నడుస్తుండగానే బండి నిలబెట్టి ఆ మసిని కాల్చాల్సిందే. అరగంట పడుతుంది, ఎవరూ అడగరు. ఆ అరగంట ఇబ్రాలో మీ గేటు దగ్గర నీ ఎదుట గడపాలని నా ఆశ.

కానీ నిన్ను చూస్తానన్న సంతోషంలో లోడు ఎత్తుకున్న సువైక్ నుంచి బండిని ఉరికించాను. లైటు వెలగనే లేదు. మన కాకినాడవాడే, ఇక్కడి మెకానిక్ ఫెలిక్స్ విని నవ్వాడు. “పాస్టరు గారూ, హైవే మీద అలా తోలితే వేడికి మసి దానంతటదే కాలిపోద్దండీ. మెల్లగా, ఆగాగి పోతేనే నిండుద్ది.”

“వేగిరపడండి, రాకడ సమీపించింది!” అని ప్రతి శుక్రవారం మా డ్రైవర్ల రూమ్ అదిరేలా ప్రసంగిస్తాను గదా. రాహేలు కోసం యాకోబు ఏడేళ్లు ఎలా ఓర్చుకున్నాడో మాత్రం నేర్చుకోలేదు. హృదయంలోని మసి కడగమని మొరపెట్టిన ఈ నోటితోనే, ఫిల్టర్ నిండా మసి పట్టించు తండ్రీ అని వేడుకుంటున్నాను.

బుధవారం మళ్లీ ఇబ్రాకే లోడు. దారిలోని మవాలే ట్రాఫిక్ రద్దీలోంచి పాకుతూ వస్తాను. లైటు ఎక్కడ వెలిగినా మీ గేటు దాకా తెచ్చే కాలుస్తాను. పొద్దుపోయినా కంగారుపడకు. నీ కోసమే మెల్లగా వస్తున్నాను.