మా తమ్ముడి కణాలు, మీ మడమ

ఏమండీ, ఆఫీసుకు వెళుతున్నాను. మడమ కట్టు తడపకండి. ఆ కాలు నేల మీద మోపకండి. పదకొండింటికి మా తమ్ముడు వస్తాడు. ఆరేళ్ల గొడవ పక్కన పెట్టి, చంకకర్రల మీద వెళ్లి తలుపు తీయండి. మీ షుగరు పుండు మానడానికి వాడిన మూలకణాలు వాడి పొట్ట కొవ్వులోంచి తీసినవి. అందుకే "బావా, నా మడమ ఎలా ఉంది?" అని రోజూ వచ్చి అడుగుతాడు. చూపించండి. నిన్న అదే కాలితో వాడిని తన్నబోయారు. "నా కణాలతో నన్నే తంతావా?" అని వీధంతా వినేలా అరిచాడు. పుండు మళ్లీ తెరుచుకుంటే పాదం తీసేయాలని డాక్టరు ముందే చెప్పారు.

మరిచాను. నాలుగు సెంటీమీటర్ల పుండు ఒకటిన్నరకు తగ్గిందని డాక్టరు చెప్పారు. ఆ మాట విని తమ్ముడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. సంతోషం కాదట. పూర్తిగా పూడితే మీరు తనను మళ్లీ ఇంటికి రానివ్వరని భయమట.