తొమ్మిదో గది కొళాయి

అత్తయ్యకి,
నీ మేనకోడలు గడబిడ వంగి వంగి పెట్టే దణ్ణాలు.

నన్ను మేనేజర్‌ని చేశారు! నలభై గదుల ఈ హోటల్లో ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోవడం ఇదే మొదలట. కూర్చున్నాననే గానీ కాళ్లు నేలకి అందట్లేదు. నిన్న ఫోన్ మోగితే ఉలిక్కిపడి, జారి, ఫోన్‌తో సహా బల్ల కింద తేలాను.

మూడు నెలలు చూసి ఖాయం చేస్తారట. ఈలోగా పై ఆఫీసు తనిఖీ మనిషి మామూలు అతిథిలా వచ్చి దిగుతారట. ఎవరో, ఎప్పుడో తెలీదు. రిపోర్టు బాగోకపోతే మళ్లీ రిసెప్షన్ కౌంటరే. దానికి బాధ లేదు. "ఆడవాళ్లకిస్తే ఇంతే" అంటారు చూడు, అదే నా భయం. ఇక్కడ గదులు సర్దే పదహారు మంది ఆడవాళ్లూ నా వైపే చూస్తున్నారు.

నువ్వు ముప్పయ్యేళ్లు హోటళ్లలో గదులు సర్దించినదానివి. రిటైరయ్యాక హాయిగా ఊళ్లు తిరుగుతున్నావు. కాస్త ఆగి, నాకో దారి చెప్పు.

నీ గడబిడ

తా.క. మా డైరెక్టర్ గారు అరగంట అభినందించారు. ఉడికిన బంగాళాదుంపకి టై కట్టినట్టుంటారు. ఈ ఉత్తరం చించెయ్.

*

ఒసేయ్ గడబిడా,
చల్లగా ఉండు.

తనిఖీ మనిషిని పోల్చడం ఎంతసేపే? గదిలోకి రాగానే సరదాకొచ్చినవాళ్లు కిటికీ తెరుస్తారు. తనిఖీకొచ్చినవాళ్లు కొళాయి తిప్పుతారు. బేసిన్ కిందికి వంగి చూస్తారు. చిన్న పుస్తకంలో రాసుకుంటారు. ఏమడిగినా "చూద్దాం" అంటారు.

నాకు మాత్రం ఏదీ దాచకుండా రాస్తూ ఉండు.

అత్తయ్య

తా.క. కాళ్ల కింద పీట వేసుకో.

*

అత్తయ్యకి,
పీట మీద కాళ్లు పెట్టుకున్న గడబిడ నమస్కారాలు.

దొరికాడు! సోమవారం ఒకాయన చేతిసంచితో వచ్చి, సరాసరి హాల్లో కొళాయి తిప్పాడు. బేసిన్ కింద దూరాడు. పుస్తకం తీశాడు! "ఎలా ఉందండీ?" అన్నాను. "చూద్దాం" అన్నాడు! 

వెంటనే పై అంతస్తులో అన్నిటికన్నా పెద్ద గది ఇచ్చాను. మూడు పూటలా భోజనం నేనే దగ్గరుండి వడ్డిస్తున్నాను. పాపం, మొహమాటస్తుడు. "ఇవన్నీ ఎందుకమ్మా" అంటూనే బాగా తింటున్నాడు.

నా దిగులంతా తొమ్మిదో గది కొళాయి. మూడు రోజులుగా కారుతూనే ఉంది. ఆ ప్లంబర్‌కి కబురు పెట్టి మూడు రోజులైంది, రాడేం? వాడి బాధ్యత ఏమైంది?

నీ గడబిడ

తా.క. తలగడలు మెత్తగా లేవన్నాడు. మావి తెప్పించాను. మా ఆయన తువ్వాలు మడిచి పెట్టుకుని పడుకుంటున్నారు.

*

గడబిడా,

ఆ సంచిలో ఏముందే? ఆయన్ని ఏం పని చేస్తారని ఒక్కసారైనా అడిగావా?

వెంటనే అడుగు. అడిగి, కూర్చుని రాయి. నిలబడి మాత్రం రాయకు.

అత్తయ్య

తా.క. ఊరికే నవ్వుతున్నాను. పక్కింటివాళ్లు వచ్చి చూసి వెళ్లారు.

*

అత్తయ్యా,

నేలమీద కూర్చునే రాస్తున్నాను.

నేను అడగక ముందే ఆయనే అన్నాడు: "అమ్మా, మీ మర్యాద మర్చిపోలేను. ఇంతకీ ఆ కారే కొళాయి ఏ గదిలో?" ప్లంబర్‌కి కబురు పంపింది నేనే. గది నంబరు చెప్పనిదీ నేనే. పాపం, అన్ని కొళాయిలూ చూసుకుంటూ వచ్చాడు. "పెద్ద హోటలు కదా, ఇక్కడి పద్ధతే ఇదేమో అనుకున్నానమ్మా" అన్నాడు. నా అంత తెలివితక్కువది భూమ్మీద ఉండదు.

రాజీనామా రాద్దామని కూర్చున్నాను. రెండో వాక్యం దగ్గర చించేశాను. గదులు సర్దేవాళ్లందర్నీ పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. నవ్వి నవ్వి ఒకావిడ చీపురు పట్టుకుని కూలబడింది. ఆ నవ్వుల్లోనే నోళ్లు విప్పారు. లిఫ్ట్ తలుపు చేతులు నొక్కేస్తోందట. నేల కడిగే మందుల ఘాటుకి వాళ్లకి దగ్గు. సర్దేవాళ్లకి కూర్చోడానికి గదే లేదు. మొత్తం పదకొండు బాధలు. ఎన్నాళ్లుగా ఉన్నాయంటే, "ఎవరూ అడగలేదమ్మా" అన్నారు. ఏడుపొచ్చింది అత్తయ్యా. వారంలో ఎనిమిది సరిచేయించాను. మూడు మిగిలాయి. ఈలోగా తనిఖీ మనిషి వస్తే వచ్చారు.

నీ గడబిడ

తా.క. కొళాయి బాగుచేసి, తలగడలు తన వెంట తీసుకెళ్లాడు. బహుమతి అనుకున్నాడట.

*

మేనేజర్ గారికి,
తనిఖీ మనిషి రాయునది.

అవునే, నేనే. రెండేళ్లుగా ఊళ్లు తిరుగుతున్నది ఈ పని మీదే. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకూడదని నిబంధన. కొళాయి తిప్పేదీ, బేసిన్ కింద దూరేదీ, "చూద్దాం" అనేదీ నేనేనే పిచ్చిదానా.

మీ హోటల్ నా వంతుకే పడింది. మేనకోడలని పై ఆఫీసుకి చెప్పి, నేను మార్కులు వెయ్యనన్నాను. నీ ఉత్తరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు జతచేసి పంపాను. చేసిన తప్పు తనే పూసగుచ్చినట్టు చెప్పిన మేనేజర్‌ని, గదులు సర్దేవాళ్లని కూర్చోబెట్టి అడిగిన మేనేజర్‌ని, నా ముప్పయ్యేళ్లలో చూడలేదు. ఆ ఒక్క ముక్క మాత్రం రాశాను.

డైరెక్టర్ గారు నీ ఉత్తరాలు మీటింగులో పైకి చదివించారట. అవును, అన్నీ. బంగాళాదుంప దగ్గర అందరూ ఆయన వైపే చూశారట. ముందు నవ్వింది ఆయనేనట. నీ పని ఖాయం. మిగిలిన మూడు పనులూ నెలలోగా పూర్తి చెయ్యమన్నారు.

ఆదివారం వస్తున్నాను. గది వద్దు, భోజనం వద్దు. అలాంటి కుర్చీ దుమ్ము ముప్పయ్యేళ్లు దులిపాను, ఒక్కసారీ కూర్చోలేదు. నీ కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోనివ్వు, చాలు.

అత్తయ్య

తా.క. ఆ పీట తీసెయ్యకు. నాకూ కాళ్లు అందవు.