చెవి అందిన పిల్ల

నాన్నగారూ,

మీ తిథినాడే బడి తెరిచారు, సెలవు పెట్టలేకపోయాను. హెడ్మాస్టరుగా మీరు పెట్టే వయసు పరీక్షే, వన్ టౌన్‌లోని మా బడిలో ఒక మామ్మగారు ఇవాళ నా ఎదుట మనవరాలికి పెట్టారు. పిల్ల కుడిచెయ్యి తల మీదుగా ఎడమ చెవిని అందుకుంది.

"చూశారుగా మేడంగారూ, వయసొచ్చేసింది."

"కంప్యూటరు వారం తక్కువంటోందండీ."

"దాన్ని కూడా చెవి పట్టుకోమనండి, చూద్దాం."

మీరైతే నవ్వేసి పేరు రాసుకునేవారు. నాకంత ధైర్యమెక్కడిది? తటపటాయించి, పేరు సంగతి తర్వాత చూద్దామని ఒకటో తరగతిలో కూర్చోబెట్టాను.

మధ్యాహ్న భోజనం కాగానే ఆ పిల్ల సంచి తగిలించుకుంది. "చదువైపోయిందండీ, ఇంటికెళ్తా."

గేటు దగ్గర పట్టుకున్నాను. చట్టం ఇంకా బడికి రమ్మని అనని ఆ పిల్లని నిర్బంధంగా తరగతికి తీసుకెళ్ళాను. మీ కూతుర్ననిపించుకున్నానా?